జాన్ ఆడమ్స్ చేవ్రాలున్న అప్పు దావా కాగితాన్ని చదవడం ఎలా?

మసాచుసెట్స్‌లో 1760ల నాటి అప్పు దావా కాగితం ఒకటి మీ ముందుకు వచ్చిందనుకుందాం. సగం అచ్చు, సగం చేతిరాత. పైన, అప్పట్లో ఆ వలసను ఏలిన బ్రిటన్ రాజు మూడో జార్జి పేరు. ఒక పక్క గోధుమరంగుకు తిరిగిన సిరాతో 'జె. ఆడమ్స్' అన్న చేవ్రాలు. తర్వాతి కాలంలో అమెరికాకు రెండో అధ్యక్షుడైన ఆ మనిషి అప్పటికి ఒక వకీలు. మొదట బ్రెయిన్‌ట్రీ అనే ఊళ్లో, 1768 నుంచి బోస్టన్‌లో ఉంటూ, ఊరివాళ్ల బాకీలకు, సరిహద్దు తగాదాలకు దావాలు రాసి ఇల్లు గడుపుకునేవాడు.

ఇలాంటి కాగితం దగ్గర చాలామంది చూపు ఆ సంతకం మీదే ఆగిపోతుంది. కానీ ఆ కాగితం చెప్పే విషయాల్లో సంతకానిది చిన్న వాటా. ఎవరు ఎవరికి బాకీ పడ్డారు, ఎందుకు పడ్డారు, చివరికి ఏమైంది అన్నది మిగతా భాగమంతా చెబుతుంది. దాన్ని చదవడానికి లా డిగ్రీ అక్కరలేదు, ఓపిక ఉంటే చాలు. పైగా తెలుగువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. ప్రామిసరీ నోటు చూడని ఇల్లు మనలో అరుదు. 'తమరు కోరినప్పుడు తమకు గానీ, తమ ఆర్డరు పొందినవారికి గానీ వడ్డీతో సహా చెల్లించగలవాడను' అన్న వాక్యం మనకు కంఠస్థం. బోస్టన్ వర్తకుడు 1765లో రాసిచ్చిన నోటులోనూ అచ్చంగా ఆ వాక్యమే ఉంటుంది. రెండూ ఒకే ఇంగ్లీషు చట్ట సంప్రదాయంలో పుట్టినవి. వాది, ప్రతివాది, జప్తు, ఖర్చులు, ఎక్స్‌పార్టీ అన్న మాటలు తెలిసినవారికి ఈ కాగితంలో సగం ముందే అర్థమైనట్టే.

మొదట: అసలా, నకలా?

అసలు కాగితం మీ చేతిలోనే ఉంటే చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని కూర్చోండి. కాగితానికి చేతితొడుగుల కంటే పొడి చేతులే మేలు, ఎందుకంటే తొడుగుతో అంచు తెలియక చింపేసే ప్రమాదం ఉంది. దగ్గర పెన్ను ఉంచకండి, పెన్సిలు చాలు. మడతలను వేలితో నొక్కి సాపు చేయకండి. ఆనాటి కాగితం పాత నార, నూలు గుడ్డల గుజ్జుతో చేసింది కాబట్టి గట్టిదే. కానీ మాచికాయ, ఇనుము ఉప్పు కలిపి కాచిన ఆనాటి సిరా కాలం గడిచేకొద్దీ రాత ఉన్నచోట కాగితాన్ని తినేస్తుంది. మడత మీద రాత ఉంటే అక్కడే విరుగుతుంది.

ఇప్పుడు దస్తూరి చూడండి. ఖాళీలు నింపిన రాత, సంతకాలు, వెనకవైపు రాత వేరువేరు చేతులవిగా ఉన్నాయా? ఉంటే అది అసలు కావడానికి అవకాశం ఎక్కువ. రాజు పేరు నుంచి వకీలు పేరు దాకా మొత్తం ఒకే దస్తూరిలో ఉండి, అడుగున 'సరిచూసిన నకలు' అని కోర్టు గుమాస్తా రాసి ఉంటే, అది పైకోర్టు అప్పీలు కోసం తీసిన నకలు. అందులో ఆడమ్స్ పేరు ఉన్నా అది ఆడమ్స్ చేతి రాత కాదు. బోస్టన్ ఉన్న సఫక్ కౌంటీ (జిల్లా లాంటిది) కాగితాల్లో ఎజికియల్ గోల్డ్‌త్వెయిట్ అనే కోర్టు గుమాస్తా పేరు తరచుగా కనిపిస్తుంది. చరిత్రకు నకలు కూడా అసలుతో సమానంగా పనికొస్తుంది. సంతకం కోసం డబ్బు పెట్టేవారు మాత్రం ఈ తేడా తెలియకుండా ముందుకు పోకూడదు. కొనే ఆలోచన ఉంటే ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. కోర్టు ఫైలు నంబరు ఉన్న కాగితం ఎప్పుడో ప్రభుత్వ దస్త్రాల నుంచి బయటికి పోయినదై ఉండవచ్చు, దాన్ని తిరిగి అడిగే హక్కు రాష్ట్రానికి ఉంటుంది. అది అమ్మేవారి చేతికి ఎలా వచ్చిందో రాతపూర్వకంగా అడగండి.

ఆడమ్స్ దస్తూరితో పోల్చుకోవడానికి బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ ఆయన కాగితాల చిత్రాలను ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. సంతకాన్ని సంతకంతో పోల్చి ఊరుకోకండి. ఖాళీల్లో నింపిన మాటలను ఆయన డైరీలోని మాటలతో పోల్చండి. రెండు ముక్కల పేరును అనుకరించడం తేలిక, పది వరుసల రాతను అనుకరించడం కష్టం.

అచ్చు భాగాన్ని చదవడం

అప్పు దావాలకు మసాచుసెట్స్‌లో వాడిన మామూలు కాగితం జప్తు రిట్టు. రిట్టు అంటే రాజు పేరిట వెలువడే కోర్టు ఆజ్ఞ. అంటే మన కోర్టుల్లోలా ముందు దావా, తర్వాత సమను, ఆ తర్వాత తీర్పు, చివరికి జప్తు అన్న వరుస కాదు. అక్కడ జప్తుతోనే కేసు మొదలవుతుంది. ఖాళీ రిట్టు ఫారాలు అచ్చువేసి ఉండేవి. వకీలు వాటిలో పేర్లు, మొత్తాలు, బాకీ కథ నింపేవాడు.

మొదటి వరుసలో కౌంటీ పేరు, దాని పక్కన రెండు 'ఎస్' అక్షరాలు ఉంటాయి. అవి 'అనగా' అనే అర్థమున్న లాటిన్ మాటకు పొట్టి రూపం, వదిలేసి ముందుకు పొండి. తర్వాత రాజు బిరుదులు. గ్రేట్ బ్రిటన్, ఫ్రాన్స్, ఐర్లండ్‌లకు రాజు అని ఉంటుంది. ఫ్రాన్స్ ఎలా వచ్చిందని కంగారుపడకండి, ఇంగ్లండు రాజులు వందల ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చిన బిరుదు అది. ఆ తర్వాత షెరీఫుకో, ఊరి కానిస్టేబులుకో ఆజ్ఞ వస్తుంది. దాని సారాంశం ఇది: ఫలానా మనిషి సొత్తును ఇన్ని పౌన్ల విలువ మేరకు జప్తు చెయ్యి, సొత్తు దొరకకపోతే అతని శరీరాన్ని పట్టుకుని, ఫలానా రోజున మా ఇన్ఫీరియర్ కోర్ట్ ఆఫ్ కామన్ ప్లీస్ (కౌంటీలోని కింది సివిల్ కోర్టు) న్యాయమూర్తుల ముందు హాజరుపరచు.

'శరీరాన్ని పట్టుకో' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అచ్చులో ముందే ఉన్న మాట అది, ఏ వకీలూ కోపంతో రాసింది కాదు. బాకీదారుకు సొత్తు లేకపోతే ఒళ్లే హామీ అన్నది ఆ ఫారంలోనే ఉంది.

ఆజ్ఞ ఎవరి పేరిట ఉందో జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే కేసులు అక్కడే కూలిపోయేవి. 1758 నవంబరులో ఆడమ్స్ సఫక్ కౌంటీ కోర్టులో వకీలుగా చేరాడు. కొద్ది వారాలకే సొంతంగా రాసిన తొలి రిట్టు బ్రెయిన్‌ట్రీలో తన పక్కవాళ్లది. ల్యూక్ లాంబర్ట్ గుర్రాలు జోసెఫ్ ఫీల్డ్ పొలంలో పడ్డాయి. ఫీల్డ్ వాటిని బందెలదొడ్డికి తోలుతుంటే లాంబర్ట్ విడిపించుకుపోయాడు. అది అప్పు కేసు కాదు గానీ, ఆ రిట్టులో బ్రెయిన్‌ట్రీ కానిస్టేబుళ్లకు ఇచ్చిన ఆజ్ఞలో కౌంటీని తెలిపే మాట తప్పిపోయింది. ఆ లోపం మీదే కేసు పోయింది. ఊళ్లో తన పేరు ఏమవుతుందోనని ఆ ఇరవై మూడేళ్ల కుర్రవాడు డైరీలో ఎంత కుమిలిపోయాడో చదివితే, తర్వాతి రిట్టుల్లో కౌంటీ పేరును అంత గుండ్రంగా, అంత స్పష్టంగా ఎందుకు రాశాడో అనిపిస్తుంది నాకు.

పేర్ల పక్కన వృత్తి గానీ హోదా గానీ ఉంటుంది. అది అలంకారం కాదు, అది తప్పయితే రిట్టు కొట్టివేయమని ప్రతివాది అడగవచ్చు. యోమన్ అంటే సొంత భూమి ఉన్న రైతు. హస్బండ్‌మన్ అంటే చిన్న సేద్యగాడు. కార్డ్‌వెయినర్ అంటే చెప్పులు కుట్టేవాడు, హౌస్‌రైట్ అంటే ఇళ్లు కట్టే వడ్రంగి, మారినర్ అంటే ఓడ మీద పనిచేసేవాడు. జెంటిల్‌మన్ అన్నది మర్యాద కోసం రాసే మాట కాదు, హోదాను తెలిపే మాట. స్త్రీ పేరు పక్కన విధవ, అవివాహిత అన్న మాటలు కనిపిస్తాయి. పెళ్లయిన స్త్రీ తన పేరుతో ఒంటరిగా దావా వేయడానికి ఆ చట్టంలో వీలు లేదు, భర్త పేరు తోడుండాలి. అందుకే చనిపోయిన భర్త బాకీలను వసూలు చేస్తున్న విధవలు ఈ కాగితాల్లో తరచుగా ఎదురవుతారు.

బాకీ కథ: మూడు అంకెలు, మూడు అర్థాలు

కొత్తగా చదివేవారు అందరికంటే ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒకే కాగితంలో మూడు మొత్తాలు ఉంటాయి. పైన జప్తు చేయవలసిన విలువ, మధ్యలో బాకీ, అడుగున వాది తనకు జరిగిందని చెప్పుకునే నష్టం. అసలు బాకీ మధ్యలోది. పైనున్నదీ అడుగునున్నదీ వడ్డీకి, ఖర్చులకు చాలేలా కాస్త పెంచి వేసుకున్న హద్దులు. 'ఆడమ్స్ ఫలానా వాడి మీద ఇరవై పౌన్ల అప్పుకు దావా వేశాడు' అని రాసేముందు ఆ ఇరవై ఏ వరుసలో ఉందో చూసుకోండి.

మధ్యలోని కథను చేతితో రాస్తారు. అది ఏ రకం బాకీయో మొదటి మాటల్లోనే తేలిపోతుంది. 'విలువ ముట్టినందున' అని ఉంటే ప్రామిసరీ నోటు. 'జతపరచిన ఖాతా ప్రకారం' అని ఉంటే దుకాణం అరువు. అలాంటప్పుడు రిట్టుతో పాటు ఇంకో చిన్న కాగితం ఉండాలి, దాని కోసం తప్పక వెతకండి. రమ్ము, మొలాసిస్, గుడ్డ గజాలు, మేకులు తేదీలవారీగా అందులో ఉంటాయి. ఒక కుటుంబం ఏడాదంతా ఏం తిన్నదో, ఏం తొడిగిందో ఆ చిట్టా చెబుతుంది. మూడో రకం, ముద్ర వేసిన బాండు. ఇందులో ఒక మెలిక ఉంది. బాండులో రాసిన మొత్తం సాధారణంగా అసలు అప్పుకు రెట్టింపు. గడువులోగా అసలు కడితే బాండు రద్దవుతుందన్న షరతు కింద ఉంటుంది. పై అంకె మాత్రమే చూసినవాడు అప్పును రెండింతలు చేసి చెబుతాడు.

కథ ఎప్పుడూ ఒకే తీరుగా ముగుస్తుంది: ఎన్నిసార్లు అడిగినా ప్రతివాది చెల్లించలేదు, నిర్లక్ష్యం చేస్తున్నాడు, నిరాకరిస్తున్నాడు. దీన్ని నిజంగా జరిగిన కొట్లాటగా తీసుకోకండి. అది దావాకు కావలసిన పడికట్టు మాట.

డబ్బు లెక్క

పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. చుక్కలతో మూడు అంకెలు ఉంటే పౌన్లు, షిల్లింగులు, పెన్నీలు. 6, గీత, 8 అని ఉంటే ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు.

పౌను అనగానే లండన్ పౌను అనుకోవద్దు. అమెరికాలోని బ్రిటిష్ వలసల్లో ఒక్కో చోట ఒక్కో లెక్క. అన్నిటికీ కొలత స్పెయిన్ వెండి డాలరు. లండన్ స్టెర్లింగులో దాని విలువ 4 షిల్లింగుల 6 పెన్నీలు. మసాచుసెట్స్ 'లాఫుల్ మనీ'లో, అంటే అక్కడి చట్టబద్ధమైన డబ్బులో, 6 షిల్లింగులు, పెన్సిల్వేనియాలో ఏడున్నర, న్యూయార్కులో 8. ఇది చాలనట్టు, మసాచుసెట్స్‌లోనే 1750కి ముందటి 'ఓల్డ్ టెనర్' కాగితపు డబ్బులో డాలరుకు 45 షిల్లింగులు. ఆ డబ్బు రద్దయ్యాక కూడా కొందరు అలవాటు కొద్దీ ఖాతాలు అందులోనే రాసుకున్నారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఖాతాలో 100 పౌన్ల ఓల్డ్ టెనర్ ఉంది. దాన్ని ఏడున్నరతో భాగిస్తే 13 పౌన్ల 6 షిల్లింగుల 8 పెన్నీల లాఫుల్ మనీ. దాన్నే నాలుగులో మూడు వంతులు చేస్తే సరిగ్గా 10 పౌన్ల స్టెర్లింగు. ఒకే బాకీ మూడు కాగితాల్లో 100గా, 13గా, 10గా కనిపించవచ్చు. ఏ డబ్బో తెలిపే మాట మొత్తం పక్కనే ఉంటుంది, దాన్ని దాటి పోకండి.

వడ్డీ కూడా వేద్దాం. మసాచుసెట్స్‌లో చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వడ్డీ ఏడాదికి నూటికి 6. మన లెక్కలో నూటికి నెలకు అర్ధరూపాయి. పై 13 పౌన్ల 6 షిల్లింగుల 8 పెన్నీలకు ఏడాది వడ్డీ 16 షిల్లింగులు. నోటు తేదీ నుంచి తీర్పు నాటికి రెండేళ్లయితే వడ్డీ 1 పౌను 12 షిల్లింగులు, మొత్తం 14 పౌన్ల 18 షిల్లింగుల 8 పెన్నీలు. తీర్పులో ఉన్న అంకె మీ లెక్కతో కలిస్తే మీరు కాగితాన్ని సరిగా చదివినట్టే. కలవకపోతే మధ్యలో ఎప్పుడో కొంత కట్టి ఉంటాడు. నోటు వెనక్కి తిప్పి చూడండి, చెల్లులు అక్కడ రాసి ఉంటాయి, మన నోట్ల మీద రాసినట్టే.

తేదీ సరిచూడటం

అడుగున రాజు ఏలుబడి సంవత్సరం ఉంటుంది, చాలా కాగితాల్లో క్రీస్తు శకం కూడా ఉంటుంది. మూడో జార్జి గద్దెనెక్కింది 1760 అక్టోబరు 25న. కాబట్టి తొమ్మిదో ఏడు అంటే 1768 అక్టోబరు 25 నుంచి 1769 అక్టోబరు 24 దాకా. రెండు లెక్కలూ పొసగకపోతే కాగితాన్ని అనుమానించండి, లేదా మీరు అంకెను తప్పుగా చదివారేమో మళ్లీ చూడండి. 1752కు ముందటి కాగితాల్లో కొత్త ఏడు మార్చి 25న మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరి తేదీలకు 1749/50 అని రెండేళ్లు కలిపి రాయడం అందుకే.

మరికొన్ని ఆనవాళ్లు. కోర్టు కాగితాల మీద కూడా బ్రిటన్ పన్ను వేసిన స్టాంపు చట్టం 1765 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. స్టాంపు కాగితాలు వాడటానికి జనం ఒప్పుకోక బోస్టన్‌లో కోర్టులు నిలిచిపోయాయి. వాటిని తెరిపించమని ఆ డిసెంబరులో గవర్నరు ముందు వాదించిన ముగ్గురు వకీళ్లలో ఆడమ్స్ ఒకడు, మిగతా ఇద్దరు జెరమయా గ్రిడ్లీ, జేమ్స్ ఓటిస్. ఆ వారాల తేదీ ఉన్న రిట్టు దొరికితే దాని తర్వాత కేసు ఎక్కడ ఆగిందో వెతకడం మంచి పని. 1774 వేసవి నుంచి జనం కోర్టులనే మూయించారు. 1776 జూన్ 1 నుంచి మసాచుసెట్స్ రిట్టుల్లో రాజు పేరు పోయి, 'మసాచుసెట్స్ బే ప్రభుత్వమూ ప్రజలూ' అన్న పేరు వచ్చింది. ఆ తేదీ తర్వాత రాజు పేరుతో కొత్త రిట్టు కనిపిస్తే నమ్మేముందు బాగా పరిశీలించండి.

అక్షరాల గురించి క్లుప్తంగా. మాట మధ్యలో 'ఎఫ్' లా కనిపించేది చాలాసార్లు పొడుగు 'ఎస్'. 'వై, ఇ' అని కనిపించే చిన్నమాటను 'ద' అని చదవాలి. పైన చిన్నగా ఎక్కించిన అక్షరాలు పొట్టిమాటలకు గుర్తులు.

కాగితం వెనక్కి తిప్పండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ముందువైపు వకీలు మాట ఉంటుంది, వెనకవైపు జరిగింది ఉంటుంది. డిప్యూటీ షెరీఫు, అంటే మన కోర్టు అమీను చేసే పని చేసినవాడు, తాను ఏమి చేశాడో రెండు మూడు వరుసల్లో రాసి సంతకం పెట్టి, కింద తన రుసుము వేసుకుంటాడు. చాలా కాగితాల్లో జప్తు చేసిన వస్తువు ఒక చెక్క పేడు. అవును, కట్టెలు కొట్టినప్పుడు ఎగిరిపడే పేడే. చట్టం ఏదో ఒకటి జప్తు చేయమంది. బాకీదారు ఊరు విడిచి పారిపోయే మనిషి కాదని తెలిస్తే, ఒక పేడునో కుర్చీనో అతని సొత్తుగా జప్తు చేసినట్టు రాసి, సమను ఇంటి దగ్గర ఇచ్చి వెళ్లేవారు. మంచీచెడూ తెలిసిన ఊళ్లో మర్యాద చెడకుండా కేసు నడిపే పద్ధతి అది. పేడు అని ఉంటే ఆ ఇద్దరి మధ్య నమ్మకం ఇంకా మిగిలి ఉందని చదవవచ్చు. ఇల్లు, పొలం, దుకాణంలో సరుకు అని వరసగా ఉంటే వాదికి ఆ నమ్మకం లేదు. ఒళ్లు పట్టుకుని జైలుకు అప్పగించాను అని ఉంటే ఇక చెప్పేదేముంది.

జప్తు జాబితాలో కొన్నిసార్లు మనుషులు కూడా ఉంటారు. ఆనాటి మసాచుసెట్స్‌లో బానిసత్వం చట్టబద్ధమే. బాకీదారు ఇంట్లో బానిసగా ఉన్న స్త్రీనో పురుషుణ్నో కుర్చీలు, పశువులతో పాటు సొత్తుగా రాసేవారు. అలాంటి వరుస కనిపిస్తే తొందరపడి దాటిపోకండి. ఉన్న పేరును ఉన్నట్టుగా, స్పెల్లింగు మార్చకుండా రాసుకోండి. ఆ మనిషి గురించి రాతలో మిగిలింది అదొక్కటే కావచ్చు.

మడతపెట్టినప్పుడు బయటికి కనిపించే పట్టీలో వాది, ప్రతివాది పేర్లు, కేసు ఏ కోర్టు సమావేశానిదో, దాని నంబరు ఉంటాయి. ప్రతివాది రాలేదని ఉంటే ఎక్స్‌పార్టీ. అప్పు కేసుల్లో ఇది మామూలే, ఎందుకంటే బాకీ ఉన్నదని ఇద్దరికీ తెలుసు. ఆ నంబరు పట్టుకుని బోస్టన్‌లోని మసాచుసెట్స్ ఆర్కైవ్స్‌లో భద్రపరచిన కోర్టు రికార్డు పుస్తకాల్లో తీర్పు వెతకండి. తీర్పు తర్వాత అమలు రిట్టు వేరే కాగితంగా వస్తుంది. దాని వెనక 'పూర్తిగా ముట్టింది' అని ఉందా, జైలు పేరు ఉందా అన్నది చూస్తే కేసు ముగిసినట్టు. నలభై షిల్లింగులలోపు బాకీలయితే ఈ కోర్టు దాకా రావు, చిన్న కేసులు చూసే ఊరి మేజిస్ట్రేటు, అంటే జస్టిస్ ఆఫ్ ద పీస్ దగ్గరే తేలిపోతాయి.

చివరగా మీ ప్రతి రాయండి

ముందు ఇంగ్లీషులో వరుసకు వరుస, తప్పులు దిద్దకుండా ఎత్తి రాయండి. అచ్చు మాటలను ఒక రంగులో, చేతిరాతను ఇంకో రంగులో రాస్తే వకీలు నిజంగా రాసింది ఎంతో కంటికి కనిపిస్తుంది. చదవలేని చోట చుక్కలు పెట్టండి, ఊహించి నింపకండి. ఆ తర్వాతే తెలుగులో సారాంశం రాయండి. దావా, జప్తు, నోటు, బాండు, చెల్లు వంటి మన కోర్టు మాటలు వాడితే పొడుగు వివరణలు అక్కరలేదు.

ఆ ప్రతికి శీర్షిక పెట్టేటప్పుడు మొదట బాకీదారు పేరు, ఊరు, వృత్తి రాయండి. తర్వాత వాది పేరు, మొత్తం, ఏ డబ్బు, తేదీ, కోర్టు. వకీలు పేరు ఆ తర్వాత. ఆడమ్స్ కోసం వెతికేవారు ఎలాగూ ఆ పేరుతో వెతుక్కుని వస్తారు. బ్రెయిన్‌ట్రీలో చెప్పులు కుట్టిన తమ పూర్వీకుడి కోసం వెతుకుతూ వచ్చేవారికి మాత్రం మీరు రాసిన ఆ మొదటి వరుసే దారి.